కంపైలర్ దోష సందేశంలో ఎంత వివరం ఉండాలి

కొత్త ప్రోగ్రామింగ్ భాషకు కంపైలర్ (కోడును యంత్రం నడపగల రూపంలోకి మార్చే ప్రోగ్రాము) రాసేవారు దోష సందేశాల పనిని చివరి దశకు వదిలేయడం తరచుగా జరుగుతుంది. కానీ ఎంత వివరం ఇవ్వాలన్నది కోడు నిర్మాణాన్ని చదివే భాగమైన పార్సర్ రాసే రోజునే తేల్చుకోవాలి. ప్రతి టోకెన్ (పేరు, గుర్తు వంటి కోడు ముక్క) ఏ ఫైలులో, ఏ లైనులో, ఏ అక్షరం నుంచి ఏ అక్షరం దాకా ఉందో అప్పుడే భద్రపరచకపోతే, తరువాత చెప్పాలనుకున్నా చెప్పడానికి సమాచారం మిగలదు.

వివరమంటే ముందుగా సరైన చోటు చూపించడం. పైథాన్‌లో మీసాల బ్రాకెట్ తెరిచి మూయడం మరిచిపోతే, 3.10కి ముందు వెర్షన్లు ఆ తరువాత వచ్చే ఏ తప్పూ లేని లైనును చూపి వాక్యనిర్మాణం చెల్లదని మాత్రమే చెప్పేవి. 2021లో వచ్చిన 3.10 మాత్రం బ్రాకెట్ తెరిచిన చోటునే చూపి, దీన్ని మూయలేదని చెబుతుంది. కొత్త సందేశం పాతదానికంటే పెద్దదేమీ కాదు, అయినా వెతుకులాట పూర్తిగా తప్పుతుంది. మీ పార్సర్‌లోనూ తెరిచిన బ్రాకెట్లను వాటి స్థానాలతో సహా ఒక స్టాక్‌లో (చివర పెట్టినదాన్ని ముందు తీసే జాబితాలో) ఉంచుకోండి.

చాలా దోషాలకు ఒక్క చోటు చూపితే సరిపోదు. రస్ట్ భాషలో యాజమాన్యం మరొకచోటికి బదిలీ అయిపోయిన విలువను పాత పేరుతో మళ్లీ వాడితే వచ్చే, E0382 అన్న సంఖ్య గల దోషాన్ని గమనించండి: విలువ ఎక్కడ పుట్టిందో, ఎక్కడ చేతులు మారిందో, ఆ తరువాత ఎక్కడ వాడారో మూడూ ఒకే చిత్రంలో కనబడతాయి, అసలు దోషం కింద ఒక రకం గీత, దానికి కారణమైన చోట్ల కింద మరో రకం గీత ఉంటాయి. కంపైలర్ తన నిర్ణయానికి ఏయే చోట్లను ఆధారం చేసుకుందో అవన్నీ చూపాలి, వాటికి మించి ఒక్కటీ చూపకూడదు. వివరానికి ఇంతకంటే మంచి కొలబద్ద నాకు కనబడలేదు.

సవరణ సూచించేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే తప్పుడు సూచనను నమ్మిన ప్రోగ్రామర్, ముఖ్యంగా కొత్తగా నేర్చుకుంటున్నవారు, ఒక దోషాన్ని రెండు చేసుకుంటారు. రస్ట్ కంపైలర్ తన సూచనలను యంత్రమే నేరుగా అమలు చేయదగినవి, తప్పు కావచ్చునన్నవి, ఖాళీలు పూరించవలసినవి అని వేరుచేసి గుర్తిస్తుంది. ఈ విభజనను మీరూ మొదటినుంచీ పాటించండి. అక్షరదోషమున్న పేరుకు దగ్గరి పేరు సూచించాలంటే, ఆ చోట నిజంగా అందుబాటులో ఉన్న పేర్లలోనే వెతకండి, పేరు పొడవులో మూడో వంతుకు మించి అక్షరాల తేడా ఉంటే ఏమీ సూచించకండి. మూడక్షరాల పేరుకు రెండక్షరాల తేడాను అనుమతిస్తే ఏ పేరైనా దగ్గరిదిగానే కనబడుతుంది.

ఒక తప్పు వెంట పుట్టుకొచ్చే పిల్ల దోషాలను అణచివేయాలి. టైపు (విలువ ఏ రకానిదన్నది) తేల్చలేకపోయిన వ్యక్తీకరణకు అన్నింటితోనూ పొసగే ఒక ప్రత్యేక దోష టైపు ఇస్తే, దానిపై ఆధారపడిన కోడులో మళ్లీ ఫిర్యాదులు రావు. మొత్తం సంఖ్యకూ హద్దు పెట్టండి: మామూలుగా గో భాష కంపైలర్ పది దోషాల తరువాత, సీ భాష కంపైలర్ క్లాంగ్ ఇరవై తరువాత ఆగిపోతాయి.

సుదీర్ఘ వివరణ ఎక్కడ ఉండాలన్న విషయంలో రెండు పద్ధతులున్నాయి. ఎల్మ్ భాష కంపైలర్ సందేశంలోనే నిండు వాక్యాలతో వివరిస్తుంది. రస్ట్ సంక్షిప్తంగా చెప్పి, దోష సంఖ్యతో ఎక్స్‌ప్లెయిన్ అన్న ఆదేశం ఇస్తే ఉదాహరణలతో కూడిన పాఠం చూపుతుంది. నేను రెండోదాన్నే ఎంచుకుంటాను. మొదటిసారి ఆదుకున్న పేరా నూరోసారి అసలు లైనును తెర మీద నుంచి పైకి నెట్టేస్తుంది. ఏ పద్ధతిలోనైనా మొదటి లైను తనంతట తాను అర్థమయ్యేలా ఉండాలి, ఎందుకంటే చాలాచోట్ల దోషాల జాబితాలో కనబడేది అదొక్కటే. అందులో మీ వ్యాకరణ నియమాల అంతర్గత పేర్లు రాకూడదు.

చివరగా, తప్పుగా రాసిన చిన్న ప్రోగ్రాములను, వాటికి రావలసిన సందేశాలను అక్షరం పొల్లుపోకుండా టెస్టుల్లో చేర్చండి. ఎవరైనా ఒక సందేశం అర్థం కాలేదని చెబితే, దాన్ని సవరించేముందు ఆ ప్రోగ్రామును అక్కడ చేర్చి పెట్టుకోండి.