జాంబీలొచ్చి కాలనీ ఆర్మీ చేతిలోకి వెళ్తే: ఇంటిల్లిపాదీ ఒకే పేజీలో ఉండటం ఎలా

జాంబీల మీద గైడు రాసే ప్రతివాడూ గొడ్డలి దగ్గరే మొదలుపెడతాడు. మన ఇళ్లల్లో గొడ్డలి ఎక్కడిది, ఉన్నదల్లా కొబ్బరికాయలు కొట్టే కత్తి, అదీ శ్రావణమాసంలో తప్ప కనపడదు. పైగా ఊళ్లో జనం ఒకళ్లనొకళ్లు కరుచుకోవడం నిజంగా మొదలైతే వారం తిరక్కుండా వీధి చివర ఆకుపచ్చ లారీ వచ్చి ఆగుతుంది, కాలనీ గేటుకి తాడు కడతారు, ఆ తర్వాత మీకు జాంబీ కనపడేది ఎప్పుడో ఒకసారి, గేటు దగ్గర కుర్చీ వేసుకుని రిజిస్టర్ రాసే జవాను మాత్రం రోజుకి మూడుసార్లు. కుటుంబాలు చెల్లాచెదురయ్యేది ఆ రిజిస్టర్ దగ్గరే. అందుకని ఇక్కడ నేను చెప్పేదంతా ఒక్క పని గురించి: ఇంట్లో అందరి పేర్లూ ఒకే పేజీలో ఒకదాని కింద ఒకటి పడేట్టు చూసుకోవడం, ఆ పేజీ మధ్యలో చిరగకుండా కాపాడుకోవడం.

సరదా టాపిక్కే గానీ మరీ గాలికబురు కాదు. అమెరికా సైన్యంలో స్ట్రాటజిక్ కమాండ్ అనే విభాగంలో 2011లో ప్లానింగ్ నేర్పడానికి 8888 అనే నంబరుతో జాంబీల ప్లాన్ ఒకటి తయారుచేశారు, ఏదో ఒక దేశం పేరు పెడితే చూసినవాళ్లు అసలు ప్లానే అనుకుంటారేమో అని జాంబీల్ని పెట్టుకున్నారు. అందులో జాంబీల్లో రకాలు కూడా రాశారు. గ్యాస్ పెట్టి చంపి గుట్టగా పోసిన ముసలి కోళ్లు ఆ గుట్టలోంచి తవ్వుకుని బయటికొస్తాయట, నిజంగా ఉన్నట్టు రుజువైన రకం అదొక్కటేనట. నాటుకోడిని పట్టుకోవడానికి దొడ్డంతా పరిగెత్తినవాళ్లకి ఇందులో ఆశ్చర్యపోయేదేం లేదు. అదే ఏడాది అక్కడ జబ్బుల నివారణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ కూడా జాంబీల పేరుతో జాగ్రత్తలు చెప్పింది, అందులో ఉన్నవి కూడా నీళ్లు, మందులు, కాగితాలు, విడిపోతే అందరూ ఎక్కడ కలుసుకోవాలి, ఇవే.

ముందు, ఎవరిని అడగాలో తెలుసుకోండి

ఆర్మీ దిగిందంటే ఇక అంతా ఆర్మీ రాజ్యమే అనుకుంటాం. మన దగ్గర అలా కాదు. సివిల్ అధికారులు పిలిస్తేనే ఆర్మీ సాయానికొస్తుంది, ఆర్డర్లు కలెక్టర్ పేరుమీదే ఉంటాయి. వాటి వెనక ఉండే చట్టాలు కూడా మనకి పాతవే: 1897 నాటి అంటువ్యాధుల చట్టం, 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం, ఇంకా మనం 144 సెక్షన్ అని పిలుచుకునేది. 2024 జూలై నుంచి దాని నంబరు 163 అయింది, అయినా జనం 144 అనే అంటారు, మీరూ అదే అనండి, అందరికీ అర్థమవుతుంది.

దీనివల్ల మనకేంటంటే, గేటు దగ్గర ఉన్న జవానుకి తెలిసింది గేటు టైమింగు, లోపలికెవరు బయటికెవరు అన్నంతవరకే. లిస్టులో పేరు మార్చాలన్నా, వేరే క్యాంపులో ఉన్న మీ అత్తగారిని ఇటు తెప్పించాలన్నా, రేషన్ తక్కువొచ్చిందన్నా అతను చేయగలిగింది ఏమీ లేదు, అరిస్తే ఇద్దరి బీపీలూ పెరగడం తప్ప. ఎమ్మార్వో ఆఫీసు మనిషి ఎక్కడో ఒక టేబుల్ వేసుకుని ఉంటాడు, ఆ టేబుల్ ఎక్కడో జవానునే అడగండి. జ్వరం, గాయం లాంటి విషయాలకి డాక్టరు లేదా ఏఎన్ఎమ్. జవాను ఏ రాజస్థాన్ నుంచో గఢ్వాల్ నుంచో వచ్చి ఉంటాడు, తెలుగు రాదు, అతనికి కూడా ఇంటి దగ్గర పిల్లలుంటారు, వాళ్ల కబురు అతనికీ తెలియట్లేదు. వచ్చీరాని హిందీలో అయినా సరే "భయ్యా, సివిల్ వాలా కౌన్ హై" అని నెమ్మదిగా అడిగితే చెప్తాడు.

పేర్ల గొడవ

ఇది కొంచెం పెద్దగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లకి ఉన్నంత పేర్ల తలనొప్పి ఇంకెవరికీ ఉండదు. ఇంటిపేరు మనకి ముందొస్తుంది. ఆధార్‌లో ఒకళ్లకి పూర్తిగా ఉంటుంది, ఒకళ్లకి ఒక్క పొడి అక్షరం, ఒకళ్లకి అసలు ఉండదు. ఆడవాళ్లకి సగంమందికి పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది. వెంకట సత్యనారాయణ అని చెప్తే ఉత్తరాది మనిషి నారాయణని ఇంటిపేరు చేసి 'ఎన్' కింద రాసేస్తాడు.

2020లో మా ఇంట్లో జరిగింది చెప్తా. నాన్న, అమ్మ, నేను ఒకే కారులో వచ్చాం, ఒకే కాలేజీ హాస్టల్లో క్వారంటైన్‌కి పెట్టారు. సాయంత్రానికి లిస్టు అక్షరాల వరసలో టైపు చేయించి అతికించారు. నాన్నా నేనూ 'కె'లో, ఎ బ్లాకు. అమ్మ ఆధార్‌లో పుట్టింటి పేరు 'వి', ఆవిడ సి బ్లాకు. నాన్న బీపీ మాత్రలు అమ్మ హ్యాండ్‌బ్యాగులో. మధ్యలో ఒక బ్యాడ్మింటన్ కోర్టు, దాని చుట్టూ తాడు. ఎవరూ మమ్మల్ని కావాలని విడదీయలేదు, వాళ్లకి అక్కడ కుటుంబం కనపడలేదు, అక్షరాలు కనపడ్డాయి అంతే. మాత్రలు ఇవతలికి రావడానికి రెండు రోజులు పట్టింది, అది కూడా అన్నం బండి తోసే కుర్రాడి పుణ్యమా అని.

కాబట్టి ఈరోజే, లారీ రాకముందే, ఒక తెల్లకాగితం తీసుకుని ఇంట్లో ఉన్న అందర్నీ రాయండి: ఆధార్‌లో ఉన్న పేరు ఉన్నట్టుగా, వయసు, ఇంటి పెద్దకి ఏమవుతారు, ఫోన్ నంబరు, రోజూ వేసుకునే మందు. తెలుగులో ఒకటి, ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఒకటి. అరడజను జిరాక్సులు తీసి అందరి జేబుల్లో తలా ఒకటి పెట్టండి. రిజిస్టర్ దగ్గర నోటితో చెప్పకండి, కాగితం ఇచ్చి దీన్ని చూసి రాయమనండి, రాసేటప్పుడు పక్కనే నిలబడండి. ఇంకో మాట, ఆధార్ ఒక్కో మనిషికీ ఒక్కోటి, అది మీరంతా ఒక ఇల్లని చెప్పదు. చెప్పేది రేషన్ కార్డు. కోడలి పేరు ఎక్కించలేదు, పిల్లాడి పేరు ఎక్కించలేదు అని నాలుగేళ్లుగా వాయిదా వేస్తున్నవాళ్లు ముందు ఆ పని చూడండి, జాంబీలు రాకపోయినా అది పనికొస్తుంది.

పెద్దవాళ్ల వయసు ఇంకో తమాషా. మా నాయనమ్మ తరంలో అందరూ జనవరి 1నో జూలై 1నో పుట్టారు కార్డుల ప్రకారం. అరవై దాటినవాళ్లు వేరే బస్సు అని కేకేస్తే యాభై ఎనిమిదేళ్ల మనిషి కూడా కార్డు పుణ్యమా అని అందులోకి ఎక్కేస్తుంది. పెద్దవాళ్ల పేరు పక్కన 'తోడు ఉండాలి' అని మీ పేరు రాయించండి. ఒట్టి నోటిమాట ఆ పూటకే, తెల్లారి డ్యూటీ మారితే కొత్త మనిషికి ఏమీ తెలియదు.

చిన్నపిల్లలైతే డాడీ పేరేంటమ్మా అంటే డాడీ అంటారు. పేరు, ఊరు, ఫోన్ నంబరు పాటలాగా నేర్పించండి. నేర్చుకోనంత చిన్నవాళ్లకి చొక్కా లోపలివైపు బాల్‌పెన్‌తో నంబరు రాయండి, చేతిమీద రాస్తే మూడు చేతికడుగులకి పోతుంది.

దారిలో: ఒకరిచ్చిన కాగితం ఇంకొకరు ఒప్పుకోరు

2020 మార్చి చివర్లో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఏం జరిగిందో గుర్తుందా? హైదరాబాద్ హాస్టళ్లలో ఉండేవాళ్లు పోలీస్ స్టేషన్లలో పాసులు తీసుకుని బయల్దేరారు, తీరా ఆంధ్ర సరిహద్దుకి వచ్చేసరికి ఆ కాగితంతో లోపలికి రానివ్వలేదు. బళ్లు హైవే మీద బారులు తీరాయి. పిల్లల తప్పేమీ లేదు, చేతిలో సీలు వేసిన కాగితం ఉంది, కానీ ఆ సీలు అవతలి జిల్లాది కాదు. పాసు ఇచ్చేవాళ్లని ఎప్పుడూ ఒక మాట అడగండి: మేం వెళ్లే చోటివాళ్లకి ఇది తెలుసా? తెలియదంటే కదలకండి. ఉన్నచోట రిజిస్టర్లో పేరుంది, దారిలో ఏ రిజిస్టర్లోనూ ఉండదు.

ఇక సంచి. బట్టలు రెండు జతలు చాలు. మందులు నెలకి సరిపడా, చీటీతో సహా, అన్నీ ఒకే మనిషి దగ్గర పెట్టకండి (మా అమ్మ హ్యాండ్‌బ్యాగు గుర్తుంచుకోండి). ఇన్సులిన్ తెరిచిన సీసా మామూలు గది వేడిలో దాదాపు నాలుగు వారాలు ఆగుతుంది, మన మే నెల ఎండ మాత్రం గది వేడి లెక్కలోకి రాదు, చిన్న మట్టికుండలో తడిగుడ్డ చుట్టి నీడన పెట్టండి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు దొరక్కపోతే లీటరు మంచినీళ్లలో సమంగా తీసిన ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. బంగారం ఒంటిమీద కనపడేట్టు వద్దు. ఆవకాయ జాడీ వద్దన్నా మీరు తెస్తారని తెలుసు, కనీసం ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోండి, జాడీ పగిలితే ఆ ఎర్ర మరక చూసి ఏమనుకుంటారో మీ ఇష్టం.

తలుపు కొట్టినప్పుడు, ఎవరికైనా గాయమైనప్పుడు

ఇక్కడే అందరూ చేసే పెద్ద తప్పు ఒకటుంది, దాచిపెట్టడం. ఎందుకు దాస్తారో కూడా అర్థం చేసుకోవచ్చు. 1897లో పుణెలో ప్లేగు వచ్చినప్పుడు రాండ్ అనే అధికారి కింద కమిటీ వేసి, తెల్ల సోల్జర్లని ఇంటింటికీ పంపి సోదాలు చేయించారు. పూజగదుల్లోకి బూట్లతో వెళ్లారు, సామాన్లు కాల్చారు, జబ్బుపడ్డవాళ్లని ఆసుపత్రికి, మిగతా ఇంటివాళ్లని వేరే క్యాంపుకి తోలారు. జనం ఏం చేశారంటే రోగుల్ని దాచారు, చనిపోతే గుట్టుగా పని కానిచ్చేశారు. ప్లేగుని ఆపడానికి చేసిన పని ప్లేగు కనపడకుండా చేసింది. ఆ కోపమే ముదిరి జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు రాండ్‌ని కాల్చారు, కొన్నాళ్లకి అతను చనిపోయాడు. జబ్బుకంటే జనాన్ని ఎక్కువ భయపెట్టింది విడదీస్తారన్న సంగతే.

అందుకని దాచకండి, కానీ ఒట్టి చేతులతో అప్పగించకండి. కరిచిన గాయాన్ని ముందు సబ్బూ నీళ్లూ పెట్టి పదిహేను నిమిషాలు ధారగా కడగండి. కుక్క కరిచినా చేయాల్సింది ఇదే, రేబీస్ టీకాకి ముందు డాక్టర్లు చెప్పే మొదటి పని ఇదే, పసుపూ కారం పెట్టి కట్టు కట్టకండి. కరిచిన టైము, జ్వరం మొదలైన టైము కాగితం మీద రాయండి, ఎందుకంటే చూసేవాళ్లకి మామూలు వైరల్ జ్వరానికీ దానికీ తేడా మీరు రాసిన టైముల వల్లే తెలుస్తుంది. తీసుకెళ్లేటప్పుడు ఎక్కడికి, బండి నంబరెంత, రాసుకున్నదెవరు, మళ్లీ కబురు ఎప్పుడు, ఈ నాలుగూ అడగండి. జవాబు చెప్పకపోతే బండి నంబరైనా ఫోటో తీయకుండా చూసి రాసుకోండి, ఫోను పైకెత్తితే గొడవ మొదలవుతుంది. వెళ్లేవాళ్ల జేబులో ఆ ఇంటి జాబితా జిరాక్సు, ఛార్జింగ్ ఉన్న ఫోను పెట్టి పంపండి. ఆడవాళ్ల ఒళ్లు తనిఖీ చేయాలంటే ఆడవాళ్లే, మర్యాదకి భంగం లేకుండా చేయాలని మన చట్టంలో ఉంది. లేడీ కానిస్టేబుల్ వచ్చేదాకా ఆగుతామని గట్టిగా కాదు, మామూలుగానే చెప్పండి.

క్యాంపులో

క్యాంపుల్లో మనిషికి కనీసం 3.5 చదరపు మీటర్ల చోటు, రోజుకి 15 లీటర్ల నీళ్లు, ఇరవైమందికో మరుగుదొడ్డి ఉండాలని స్ఫియర్ అని ప్రపంచమంతా వాడే ప్రమాణాలున్నాయి. చదరపు మీటర్లు మనకి తట్టవు. డబుల్ కాట్ దుప్పటి ఒకటి పరిచి చూడండి, నలుగురున్న ఇంటికి అలాంటివి రెండున్నర పట్టాలి. నీళ్లయితే తాగడానికీ వండుకోవడానికీ కడుక్కోవడానికీ కలిపి మనిషికి ముప్పావు బబుల్ టిన్ను. తక్కువైతే ఒక్కళ్లే వెళ్లి అరవకుండా పది ఇళ్లవాళ్లు కలిసి ఒక కాగితం రాసి సంతకాలు పెట్టి సివిల్ టేబుల్ మీద ఇవ్వండి, ఇచ్చిన తారీఖు వేయించుకోండి.

రాత్రి మరుగుదొడ్డికి ఆడవాళ్లు, పిల్లలు జంటగా టార్చితోనే. వాట్సాప్‌లో 'పక్క క్యాంపులో అందరూ పోయారట' అని వచ్చింది ముందుకి తోయకండి, అది మళ్లీ మీ ఇంట్లో పెద్దవాళ్ల దగ్గరికే వస్తుంది, వాళ్లు రాత్రంతా పడుకోరు.

పంపించేసే రోజు హడావుడిలో అందరూ మర్చిపోయేది, వెళ్లేటప్పుడు కూడా రిజిస్టర్లో రాయించుకోవడం. ఎంతమంది వచ్చారో అంతమందీ వెళ్తున్నట్టు ఉండాలి, లేకపోతే నెల తర్వాత మీ ఇంట్లో ఒకళ్లు ఇంకా క్యాంపులోనే ఉన్నట్టు ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. విడుదల చీటీ అందరికీ విడివిడిగా తీసుకోండి. ఇంటి తాళంచెవి ఎవరి దగ్గరుందో బస్సెక్కకముందే చూసుకోండి. ఇంటికెళ్లాక మెయిన్ స్విచ్ చూడండి, ట్యాంకు ఖాళీ చేసి కడగండి, బియ్యం ఎండలో పోయండి. ఫ్రిజ్ తలుపు మాత్రం పిల్లల్ని బయటికి పంపేసి, కిటికీలన్నీ తీసి, ముక్కుకి గుడ్డ కట్టుకుని తెరవండి. మూడు వారాలు కరెంటు లేకుండా లోపల ఉన్న ఇడ్లీపిండి గిన్నె మూత తనంతట తనే లేచి ఉంటుంది.