వంటశాల ఎగ్జాస్ట్ శుభ్రం చేయించే ముందు: మంట గురించీ, బాధ్యత గురించీ కొన్ని జాగ్రత్తలు

పెద్ద వంటశాలల్లో పొయ్యిల మీద పొగను లాగే గొడుగులాంటి హుడ్ అందరి కంటా పడుతుంది కనుక దాన్ని రోజూ తుడుస్తారు. దాని వెనుక మొదలై పైకప్పు మీది ఫ్యాన్ వరకు వెళ్లే రేకు గొట్టం, అంటే డక్ట్, లోపల ఏముందో చూసినవారు మాత్రం ఆ వంటశాలలో ఒక్కరూ ఉండకపోవచ్చు. నూనె ఆవిరి ఫిల్టర్లను దాటి, చల్లబడిన చోటల్లా రేకుకు అంటుకుని, మొదట పసుపుపచ్చ జిగురుగానూ, కొన్నాళ్లకు గోకితే తప్ప ఊడిరాని నల్లటి పెచ్చుగానూ మారుతుంది. ఫ్రయర్‌లోనో పెనం మీదనో లేచిన మంట ఫిల్టర్ల గుండా ఒక్కసారి లోపలికి పాకిందంటే, ఆ పెచ్చే దానికి ఇంధనమై అంతస్తుల మీదుగా పైకప్పు దాకా దారి చూపిస్తుంది. హుడ్ తళతళలాడటం డక్ట్ శుభ్రంగా ఉందనడానికి సాక్ష్యం కాదు. ప్రమాదం జరిగాక తలెత్తే వివాదాల్లో ఎక్కువ భాగం ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి.

ఎంత కాలానికి ఒకసారి పరీక్షించాలన్నది వంట తీరును బట్టి ఉంటుంది. పలు దేశాల్లో ప్రామాణికంగా తీసుకునే, అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ రూపొందించిన ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 96 ప్రకారం కట్టెలు, బొగ్గుల మీద వండేచోట నెలకోసారి, రోజంతా నడిచే లేదా వేపుళ్లు, మంట మీద కాల్చే వంటలు ఎక్కువగా ఉండే వంటశాలల్లో మూడు నెలలకోసారి, ఓ మోస్తరు వంట జరిగేచోట ఆరు నెలలకోసారి, అరుదుగా వాడేచోట ఏడాదికోసారి తనిఖీ జరగాలి. ఇవి తనిఖీ గడువులు మాత్రమే. మడ్డి మందం ముందే పెరిగితే గడువు కోసం ఆగకుండా శుభ్రం చేయించాలి. పళ్లున్న చిన్న కొలత దువ్వెనను రేకు మీద గీసి మందం చూస్తారు. డక్ట్‌లో 2 మిల్లీమీటర్లు తేలితే ఇక ఆగకూడదు, శుభ్రం చేశాక 50 మైక్రాన్లకు (0.05 మిల్లీమీటర్లకు) మించి మిగలకూడదు. కంటితో చూసి ‘బాగానే ఉంది’ అనే పద్ధతిని నేనైతే నమ్మను.

శుభ్రం చేసే పని కూడా ప్రమాదకరమైనదే. పని మొదలవడానికి ముందే గ్యాస్ వాల్వులు మూసి, పొయ్యిల్లో ఎప్పుడూ వెలుగుతుండే చిన్న పైలట్ మంటలతో సహా అన్నీ ఆర్పి, ఫ్యాన్ కరెంటు తీసి, మరొకరు పొరపాటున వేయకుండా స్విచ్‌కు తాళం వేయాలి. ఫ్రయర్‌లోని నూనె పూర్తిగా చల్లారే వరకు పని మొదలుపెట్టనివ్వకూడదు. మరిగే నూనెలో పైనుంచి నాలుగు చుక్కల నీళ్లు పడినా అవి క్షణంలో ఆవిరై నూనెను ఎగజిమ్ముతాయి. మండే స్వభావమున్న ద్రావకాలను ఎంత బాగా జిడ్డు వదిలించినా వాడనివ్వకండి. కాస్టిక్ సోడా కలిసిన రసాయనాలను అల్యూమినియం ఫిల్టర్ల మీద, భాగాల మీద వాడకూడదు. అవి ఆ లోహాన్ని తినేయడమే కాక, మండే హైడ్రోజన్ వాయువును విడుదల చేస్తాయి. తుడిచిన నూనె గుడ్డలను మూలన కుప్పగా పోయడం చాలాచోట్ల కనిపించే నిర్లక్ష్యం. నూనె గాలితో చర్య జరిపి పుట్టించే వేడి కుప్ప లోపలే చిక్కుకుపోవడం వల్ల, అవి ఎవరూ నిప్పు పెట్టకుండానే రాజుకోగలవు. వాటిని మూత ఉన్న లోహపు డబ్బాలో వేసి, ఆ రాత్రే బయటికి పంపేయాలి.

హుడ్ కింద ఉండే మంటలార్పే వ్యవస్థను తాకే పని శిక్షణ పొందినవారే చేయాలి. పని జరుగుతుండగా అది పొరపాటున విడుదల కాకుండా పిన్ను పెడతారు. వెళ్లేటప్పుడు దాన్ని తీయడం మరిచిపోతే మర్నాడు వంట మొదలయ్యే సమయానికి ఆ వంటశాలకు రక్షణ లేనట్టే. వేడికి కరిగి వ్యవస్థను నడిపించే లోహపు లింకుల మీద రసాయనం పిచికారీ కాకుండా, నాజిళ్ల మూతలు ఊడిపోకుండా చూసుకోవాలి. పైకప్పు ఫ్యాన్‌ను తిరిగి బిగించాక అది సరైన దిశలో తిరుగుతోందా అన్నది కూడా చూడాలి. మూడు ఫేజుల మోటారుకు వైర్లు తారుమారైతే ఫ్యాన్ వెనక్కి తిరుగుతుంది, చప్పుడు మాత్రం మామూలుగానే వినిపిస్తుంది.

ఇక బాధ్యత విషయానికి వస్తే, ఎన్‌ఎఫ్‌పీఏ 96 ప్రకారం రాతపూర్వకంగా మరొకరికి బదలాయించనంత వరకు ఎగ్జాస్ట్ వ్యవస్థ శుభ్రతకూ, నిర్వహణకూ అంతిమ బాధ్యత దాని యజమానిదే. స్థలం ఒకరిది, వంటశాల మరొకరిది అయినప్పుడు డక్ట్ ఎవరిదన్నది అద్దె ఒప్పందంలో స్పష్టంగా లేకపోతే, ప్రమాదం తర్వాత ఇద్దరూ ఒకరినొకరు చూపించుకుంటారు. కాబట్టి శుభ్రపరిచే సంస్థతో ఒప్పందంలో ‘ఎగ్జాస్ట్ శుభ్రం చేయుట’ అనే ఒక్క మాటతో సరిపెట్టుకోకుండా హుడ్, ప్లీనం (హుడ్‌లో ఫిల్టర్ల వెనుక ఉండే ఖాళీ గది), నిలువు, అడ్డ డక్టులు, ఫ్యాన్ అంటూ భాగాలవారీగా రాయించాలి. ఆ సంస్థకు సిబ్బంది ప్రమాద బీమా, ఇతరుల ఆస్తినష్టానికి వర్తించే బీమా ఉన్నాయో లేదో పత్రాలు తెప్పించుకుని తేదీలతో సహా చూడాలి. మీ సొంత అగ్ని బీమా పాలసీలో డక్ట్ శుభ్రత గురించి షరతు ఉందేమో పని పురమాయించే ముందే చదవండి. అలాంటి షరతు పాటించినట్టు రుజువు చూపలేకపోతే పరిహారం అందకపోవచ్చు.

పని ముగిశాక హుడ్ మీద అంటించే స్టిక్కర్‌తో తృప్తి పడకూడదు. తేదీ, పని చేసినవారి వివరాలు, డక్ట్ లోపలికి చూసేందుకు పెట్టే ప్రతి తనిఖీ తలుపు దగ్గర ముందూ తర్వాతా తీసిన ఫోటోలు ఉన్న నివేదిక కావాలి. అందులో అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది ‘చేరుకోలేకపోయిన భాగాలు’ అనే వరుస. అడ్డ డక్ట్‌కు తనిఖీ తలుపే లేకపోవడం వల్ల ఆ భాగం వదిలేశామని సంస్థ రాసిచ్చిందంటే, ఆ క్షణం నుంచి లోపం మీకు తెలిసినట్టే లెక్క. తెలిసీ ఊరుకున్నారన్న ఆరోపణను ఎదుర్కోవడం తెలియదన్నదానికంటే చాలా కష్టం. ఆ నివేదిక అందిన వారంలోపే తలుపు పెట్టించే పనిని ఎవరికి అప్పగించారో, ఎప్పటికి పూర్తవుతుందో రాతపూర్వకంగా జవాబిచ్చి, ఆ కాగితాన్ని నివేదికతో కలిపి భద్రపరచండి. తలుపు పెట్టించాక ఆ ఒక్క భాగాన్ని శుభ్రం చేయించడానికి తదుపరి గడువు దాకా ఆగకుండా అదే సంస్థను మళ్లీ పిలిపించండి.