స్పీచ్ థెరపిస్టు రిజిస్ట్రేషన్ ఇలా చూసుకున్నాం

మా బాబుకి మూడేళ్లు దాటినా రెండు మాటలు కలిపి చెప్పేవాడు కాదు. గుంటూరులోనే ఒక సెంటర్‌కి తీసుకెళ్లాం. రసీదు రాస్తున్న ఆవిడని "మేడమ్, మీ సీఆర్‌ఆర్ నంబరు చెప్తారా?" అని మావారు అడిగితే (థెరపిస్టుల కేంద్ర రిజిస్టర్‌లో ఉండే నంబరు అది) గోడకున్న ఫ్రేమ్ చూపించారు. అదేదో షార్ట్ టర్మ్ కోర్సు సర్టిఫికెట్. డబ్బులు కట్టకుండా వచ్చేశాం.

మన దేశంలో స్పీచ్ థెరపిస్టులు, ఆడియాలజిస్టుల (వినికిడి నిపుణుల) పేర్లు ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి, నడిపే కేంద్ర రిజిస్టర్‌లో ఉండాలి. లేకుండా ప్రాక్టీస్ చేస్తే 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెయ్యికి ఈ రోజుల్లో ఎవరు భయపడతారు చెప్పండి! వీళ్లు చదివే డిగ్రీ బీఏఎస్‌ఎల్‌పీ, అంటే వినికిడి, మాటల సమస్యల మీద బ్యాచిలర్ కోర్సు, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు.

ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో పేరుతో వెతకొచ్చు గానీ, మన ఇంటిపేర్లతో పెద్ద తలనొప్పి. ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి పేరు. నంబరు అడిగి తీసుకోవడమే సులువు. గడువు తేదీ కూడా చూడండి, రెన్యువల్ చేయించుకోవాల్సి ఉంటుంది.

బ్రాడీపేటలో కలిసిన ఆడియాలజిస్టు అడగ్గానే సర్టిఫికెట్ వాట్సాప్‌లో పంపారు. థెరపీ మాట ఎత్తకుండా ముందు వినికిడి పరీక్ష అన్నారు. చెవిలో మెత్తటి రబ్బరు బిరడా పెట్టి, గాలి ఒత్తిడి మార్చి చూసే టింపనోమెట్రీ చేశారు. రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరినట్టుందని ఈఎన్‌టీ డాక్టరుకి చీటీ రాసిచ్చారు. స్పీచ్ థెరపీ ఆ చికిత్స అయ్యాకే మొదలైంది.