పాటల చానల్ చరిత్రను నల్గొండ నుంచి రాయడం ఎలా

పాటల చానల్ చరిత్ర రాయబోయేవారిలో చాలామంది మొదటి వాక్యంలోనే దారి తప్పుతారు. ఫలానా తేదీన ఫలానా నగరంలో చానల్ ప్రారంభమైందని మొదలుపెట్టి, యజమానుల పేర్లు, మారిన లోగోలు, మూతపడిన రోజు వరుసగా పేర్చుకుంటూ పోతారు. అందులో అబద్ధమేమీ ఉండదు గానీ, నల్గొండ ప్రకాశం బజారులోని ఒక ఇంటికి ఆ చానల్ ఎప్పుడు వచ్చింది, ఎవరు తెచ్చారు, ఎందుకు పోయింది అన్న సంగతి మాత్రం దొరకదు. చానల్‌కు రెండు పుట్టినరోజులు ఉంటాయి: స్టూడియోలో ఒకటి, మన వాడకట్టులో ఒకటి. ఈ రెండింటి మధ్య దూరాన్ని ఎలా కొలవాలో, ఏ ఆధారాలతో రాయాలో ఇక్కడ వివరిస్తాను.

ఎంటీవీ సంగతే చూడండి. అది 1981 ఆగస్టు 1న, అర్ధరాత్రి దాటిన నిమిషానికి అమెరికాలో మొదలైంది. అపోలో 11 చంద్రయాత్ర దృశ్యాలతో తెర తెరిచి, రేడియో తారను వీడియో చంపేసిందని చెప్పే బగుల్స్ బృందం పాటను మొట్టమొదట వేసింది. ఇంతవరకు అందరూ రాస్తారు. న్యూయార్క్‌లోని మన్‌హట్టన్‌లో ఆ రాత్రి ఆ చానల్ రాలేదని, దాని సిబ్బందే తమ చానల్‌ను తాము చూసుకోవడానికి నది దాటి న్యూజెర్సీలోని ఫోర్ట్ లీకి పోవలసి వచ్చిందని మాత్రం కొద్దిమందే రాస్తారు. అక్కడి కేబుల్ కంపెనీలు దాన్ని తీసుకోవడానికి వెనకాడడం వల్లనే 1982లో పేరున్న గాయకుల చేత ‘నా ఎంటీవీ నాకు కావాలి’ అనిపించి, ఇంట్లో కూర్చున్నవారే తమ కేబుల్ కంపెనీకి ఫోన్ చేసి అడిగేలా ప్రచారం నడిపారు. పుట్టిన దేశంలోనే దాని చరిత్ర తీగ ఎక్కడిదాకా పోయిందన్న ప్రశ్నకు ముడిపడి ఉన్నప్పుడు, నల్గొండ, మహబూబ్‌నగర్‌లలో మరో విధంగా ఎలా ఉంటుంది?

కాబట్టి మొదట ఒక పొడుగాటి నోటుపుస్తకం తీసుకుని ప్రతి పేజీని నిలువుగా రెండు భాగాలు చేయండి. ఎడమ వైపు అందరికీ తెలిసిన తేదీలు రాయండి: 1977లో హైదరాబాద్ దూరదర్శన్, 1991లో స్టార్ ఉపగ్రహ చానళ్లు, వాటితోపాటే ఎంటీవీ, 1994లో ఎంటీవీ ఆ గుంపు నుంచి విడిపోగా దాని చోట స్టార్ తెచ్చిన చానల్ వీ, 1995లో జెమినీ, ఈటీవీ, 1996లో భారతదేశానికి ప్రత్యేకంగా ఎంటీవీ, 2021 సెప్టెంబరులో చానల్ వీ మూత. కుడి వైపు ఖాళీగా ఉంచండి. మన ఊరి తేదీలు అక్కడ రావాలి. ఎడమ గడి ఒక పూటలో నిండుతుంది, కుడి గడికి ఒక సంవత్సరం పట్టినా ఆశ్చర్యపోవద్దు.

ఎడమ గడిని ఉపగ్రహం దగ్గర మొదలుపెట్టడం పొరపాటు. చానల్ కంటే ముందు కార్యక్రమం ఉంది. దూరదర్శన్‌లో శుక్రవారం సాయంత్రం వచ్చే చిత్రలహరి కోసం టీవీ ఉన్న ఇంటి ముందు గల్లీ అంతా చేరిన రోజులను గుర్తుచేసుకునేవారు ఇప్పటికీ ప్రతి ఊళ్లో ఉన్నారు. వారానికొకసారి, వాళ్లు వేసిన నాలుగైదు పాటలే చూడవలసిన కాలానికీ, ఇరవై నాలుగు గంటలూ పాటలే వచ్చే కాలానికీ మధ్య చూసేవారి అలవాటు ఎలా మారిందో చెప్పకపోతే, పాటల చానల్ ఎందుకంత వింతగా తోచిందో ఇప్పటి పిల్లలకు అర్థం కాదు.

కుడి గడి నింపడానికి మొదట కలవవలసింది పాత కేబుల్ ఆపరేటర్‌ను. ఆయన దగ్గరికి పోయేముందు ఆ పని ఎట్లా నడిచేదో కొంత తెలుసుకుని ఉండాలి. డిజిటల్ కాలానికి ముందు, మేడ మీద పెద్ద డిష్, కింద కంట్రోల్ రూములో ఒక్కొక్క చానల్‌కు విడిగా ఒక రిసీవర్, దాని సిగ్నల్‌ను తీగలోకి ఎక్కించే ఒక మాడ్యులేటర్ ఉండేవి. అంటే కొత్తగా ఒక పాటల చానల్ ఇవ్వడమంటే ఆపరేటర్ తన జేబులోంచి డబ్బు తీసి మరో డబ్బా కొనడమే. పైగా పాత టీవీల్లో చాలావాటికి ఎనిమిదో పన్నెండో చానళ్లకే మీటలుండేవి. ఆ కొన్ని మీటల్లో పాటలకు ఎన్నో స్థానం ఇచ్చారన్నది చిన్న విషయం కాదు. ‘అన్నా, పాటల చానల్ ఎన్నో నంబరు మీద పెట్టినవ్? దానికోసం ఏది తీసేసినవ్?’ అన్న ప్రశ్న, ‘ఎప్పుడు ప్రారంభించారు?’ అన్న ప్రశ్న కంటే పదింతలు పలుకుతుంది. నెలవారీ వసూళ్ల రశీదు పుస్తకాలు ఏ అటక మీదనో ఉన్నాయేమో అడగండి. తీగ ఏ సంవత్సరంలో ఏ గల్లీదాకా చేరిందో వాటిలోని ఇంటి పేర్లే చెబుతాయి. అయితే ఆ పేర్లను మీ రచనలో ఎత్తి రాయకండి, గల్లీ పేరు చాలు.

ఒక అధికారిక ఆధారం కూడా ఉంది, దాన్ని ఎందుకో ఎవరూ తలచుకోరు. కేబుల్ టెలివిజన్ నెట్‌వర్కుల నియంత్రణ చట్టం 1995లో వచ్చింది. దాని ప్రకారం కేబుల్ ఆపరేటర్ చాలాకాలం పాటు రిజిస్ట్రేషన్ చేసుకోవలసింది ఏ సమాచార శాఖ ఆఫీసులోనో కాదు, హెడ్ పోస్టాఫీసులో. అందువల్ల సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి, మీ జిల్లా హెడ్ పోస్టాఫీసు పరిధిలో ఏయే సంవత్సరాల్లో ఎంతమంది ఆపరేటర్లు రిజిస్టరయ్యారో అడగవచ్చు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. పాత రికార్డులు తీసేశామని జవాబు వచ్చినా దాన్ని పారవేయకుండా పుస్తకంలో అంటించుకోండి.

ఇక మనుషుల జ్ఞాపకం. ఏ సంవత్సరమని నేరుగా అడిగితే అందరూ ఏదో ఒక అంకె చెబుతారు, అది నమ్మదగింది కాదు. తేదీని సంఘటనకు కట్టి అడగాలి. నల్గొండ వారికి ఇందులో ఎవరికీ లేని అదృష్టం ఉంది: 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఫ్లోరైడ్ నీటి గోసను దేశానికి చూపడానికి ఇక్కడ 480 మంది అభ్యర్థులు నిలబడి, బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఆ ఓటు వేసినవారు దాన్ని మరచిపోలేదు. ‘పుస్తకం లాంటి ఓటు చీటీ వచ్చిన ఎలక్షన్ నాటికి మీ ఇంట్లో కేబుల్ ఉండెనా పెద్దమ్మా?’ అని అడిగితే, ఎంటీవీ భారతదేశానికి ప్రత్యేకంగా వచ్చిన ఆ సంవత్సరానికి మీ గడి సరిగ్గా తగులుతుంది. కృష్ణ ఒడ్డున వాడపల్లి, బీచుపల్లి వైపు వారికి 1992, 2004, 2016 పుష్కరాలు, గద్వాల, అలంపురం వారికి 2009 అక్టోబరు వరద ఇట్లాంటి మైలురాళ్లే. పాలమూరు నుంచి బొంబాయికి పనికి పోయి వచ్చినవారిని ప్రత్యేకంగా వెతకండి. ఊళ్లో కంటే ముందు అక్కడి బస్తీల్లో ఈ చానళ్లను చూసినవారు తగిలితే, మీ చరిత్రలో తీగ కంటే ముందు వచ్చిన మనిషి కనబడతాడు. ఒక్క జాగ్రత్త అవసరం: 1994 తరువాతి జ్ఞాపకాల్లో ఎంటీవీ అని చెప్పేది చానల్ వీ కావచ్చు. ఆ రోజుల్లో విదేశీ పాటల చానల్ ఏదైనా ‘ఎంటీవీ’ అనేవారూ ఉన్నారు గనుక, లోగో ఎట్లా ఉండేదో అడిగి తేల్చుకోండి.

జ్ఞాపకాన్ని సరిచూసేది క్యాసెట్. పాటలను టీవీ నుంచి రికార్డు చేసుకున్న వీహెచ్‌ఎస్ క్యాసెట్లు పాత పెట్టెల్లో ఇంకా దొరుకుతాయి. దొరికిన వెంటనే వీసీఆర్‌లో పెట్టి చూడకండి. మూత ఎత్తి, రీలు అంచు మీద తెల్లటి బూజు ఉందేమో వెలుతురులో చూడండి. నేను తొందరపడి అరువు తెచ్చిన వీసీఆర్‌లో బూజు పట్టిన క్యాసెట్ నడిపి, రీలు చిక్కుపడి గంట రికార్డింగు పోగొట్టుకోవడమే గాక, ఆ యంత్రంలో రీలును చదివే హెడ్‌ను కూడా పాడుచేశాను. బూజున్నవాటిని విడిగా కవరులో కట్టి, శుభ్రం చేయడం తెలిసినవారికి ఇవ్వాలి. బాగున్నవాటిని ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి, అప్పుడు నడపాలి. వీసీఆర్లు తయారుచేస్తూ మిగిలిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జూలైలో ఆ పని మానేసింది గనుక, నడిచే యంత్రం దొరికితే ఇదే పనిగా కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి. వీసీఆర్ బొమ్మను కంప్యూటర్ ఫైలుగా మార్చే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం చాలు. మన దేశపు పాత టీవీ ప్రసార పద్ధతి అయిన పాల్‌లో 720×576, సెకనుకు 25 ఫ్రేములుగా పెట్టి, మూల ఫైలును కుదించకుండా అట్టే పెట్టి, చూసుకోవడానికి వేరే చిన్న ఫైలు చేసుకోండి. ప్రకటనలను కత్తిరించేయడం మాత్రం క్షమించరాని తప్పు. చరిత్రకారుడికి పాట కంటే ప్రకటనే విలువైంది.

ఎందుకంటే తేదీ చెప్పేది ప్రకటనే. కొత్త సినిమా విడుదల తేదీ, కింద పరుగెత్తే అక్షరాల్లో దుకాణం చిరునామా, ఫోన్ నంబరులో అంకెల లెక్క, అన్నీ గమనించాలి. చిరునామాలో ఆంధ్రప్రదేశ్ అని ఉంటే అది 2014 జూన్ 2కు ముందుదయ్యే అవకాశం ఎక్కువ. సూర్యాపేట పక్కన నల్గొండ జిల్లా అనో, వనపర్తి పక్కన మహబూబ్‌నగర్ జిల్లా అనో ఉంటే 2016 అక్టోబరు 11 నాటి జిల్లాల విభజనకు ముందుది కావచ్చు. దుకాణదారు పాత చిరునామానే ఏళ్ల తరబడి నడిపిస్తాడు గనుక ‘కావచ్చు’ అన్న మాట వదలకండి. లోగో మరింత నమ్మకమైన సాక్షి: ఎంటీవీ తన గుర్తు కింద ఉన్న ‘మ్యూజిక్ టెలివిజన్’ అన్న మాటలను 2010లో తీసేసింది. తెలుగు పాటల చానల్ ‘మా మ్యూజిక్’ పేరు ముందు ‘స్టార్’ చేరింది 2017లో.

తేదీ తేలిన క్యాసెట్‌లో ఒక పూర్తి గంట తీసుకుని, నిమిషం నిమిషానికీ ఏమి వచ్చిందో రాయండి: ఏ భాష పాట, సినిమాదా కాదా, ఎన్ని నిమిషాలు, మధ్యలో యాంకర్ ఎంతసేపు మాట్లాడారు. తెలుగు పాటల చానల్‌కూ ఎంటీవీకీ అసలు తేడా ఇక్కడే బయటపడుతుంది. అక్కడ పాటల కంపెనీలు తమ గాయకుల ప్రచారానికి విడిగా వీడియోలు తీయించి ఇచ్చేవి. మన దగ్గర సినిమా కోసం తీసిన పాటే ముక్కగా చానల్‌కు వచ్చేది. అందుకే మన పాటల చానల్ సినిమా పరిశ్రమ వాకిట్లో పెరిగింది. ఎవరి పాట కనబడలేదన్నది కూడా లెక్కించండి. నల్లజాతి గాయకుల వీడియోలు ఇంత తక్కువగా ఎందుకు వేస్తారని 1983లో గాయకుడు డేవిడ్ బౌవీ ఎంటీవీలోనే, ఇంటర్వ్యూ చేస్తున్న వారిని నిలదీశాడు. అదే సంవత్సరం మైకేల్ జాక్సన్ వీడియోలతో ఆ గోడకు బీటపడింది. మీ గంటలో ఒగ్గు కథ, పల్లె బతుకమ్మ పాట, కూలి పాట ఎన్ని నిమిషాలు వచ్చాయో అంకెగా రాయండి, వ్యాఖ్యానం తరువాత చేయవచ్చు.

పాటలు చానల్‌ను ఎందుకు వదిలాయన్నది ఒక వాక్యంలో యూట్యూబ్ మీదికి నెట్టేయకండి. యూట్యూబ్ 2005లో వచ్చింది. ఎంటీవీ 1992లోనే కొందరు యువకులను ఒక ఇంట్లో ఉంచి చిత్రీకరించే కార్యక్రమం మొదలుపెట్టింది. పాట నచ్చకపోతే చూసేవాడు రిమోట్ నొక్కుతాడు, కథ అయితే అరగంట కూర్చుంటాడు, ప్రకటనదారు కూర్చునేవాడికే డబ్బిస్తాడు. మన ఊళ్లలో మరో రెండు సంగతులు చేరాయి: దశలవారీగా 2017 దాకా సాగిన డిజిటల్ మార్పుతో సెట్‌టాప్ బాక్సు వచ్చి ఎంపిక ఆపరేటర్ చేతిలోంచి పోయింది. 2019 ఫిబ్రవరి నుంచి టెలికాం, ప్రసార నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త ధరల విధానంతో ఒక్కొక్క పే చానల్‌కు విడిగా ధర కనబడసాగింది. పాటల చానల్‌ను డబ్బిచ్చి ఉంచుకున్నారా, తీసేయించారా అని పది ఇళ్లలో అడగండి.

సేకరించిన పాటల ముక్కలను ఇంటర్నెట్‌లో పెట్టే ఆలోచన మానుకోండి. కాపీరైట్ చట్టం పరిశోధనకు, విమర్శకు కొంత వెసులుబాటు ఇచ్చిందే గానీ పూర్తి పాటను పంచడానికి కాదు. స్థిరచిత్రం, గంట పట్టిక సరిపోతాయి.

రాయడానికి కూర్చున్నప్పుడు కుడి గడితో మొదలుపెట్టి, అవసరమైన చోటనే ఎడమ గడిలోకి వెళ్లండి. ప్రతి తేదీ పక్కన అది రశీదు చెప్పిందా, క్యాసెట్ చెప్పిందా, మనిషి చెప్పాడా అన్నది చిన్న గుర్తుతో చూపండి. రాత పూర్తయ్యాక ఒక ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయానికి, మరొకటి రశీదు పుస్తకాలు ఇచ్చిన ఆపరేటర్ ఇంటికి చేర్చి, క్యాసెట్లను ఎవరివి వారికి తిరిగి ఇచ్చేయండి.