సొసైటీకి వచ్చే ఏడాది ముప్పుల చీటీ ఎలా రాసుకోవాలి?

మార్చి నెలాఖరు లెక్కల హడావుడిలో పాలకవర్గం ముందు 'రిస్క్' అన్న మాట వస్తే అందరి చూపూ ఓవర్‌డ్యూల జాబితా మీదకే, అంటే గడువు దాటిన అప్పుల మీదకే పోతుంది. ఆ జాబితా చెప్పేది పోయినేడాది సంగతి. వచ్చే ఏడాది ఏది ముంచుతుందో వేరే కాయితం మీద రాసుకోవాలి. సహకార సంఘమైనా, అర్బన్ బ్యాంకైనా, చిన్న ఫైనాన్సు కంపెనీ అయినా పద్ధతి ఒకటే. ఒక్క పేజీ దాటనివ్వకండి, దాటితే డైరెక్టర్లు చదవరు. లెక్కలు చూడ్డానికి చాలా సొసైటీల గడప తొక్కినవాణ్ణి, నాకు తెలుసు.

1. ముందు ఊరి పటం తియ్యండి

పటం జిరాక్సు మీద పంట అప్పులకు పచ్చ చుక్క, చెరువుల అప్పులకు నీలం, బంగారం లోన్లకు పసుపు పెట్టండి. కోనసీమలో ఒక లంక ఊళ్లో ఇలాగే పెట్టించాను. పుస్తకంలో మూడు పద్దులు, మూడు రకాల అప్పులు, చూడ్డానికి భేషుగ్గా ఉంది. పటం మీదకొచ్చేసరికి మూడు రంగులూ ఒకే వీధిలో కుప్పపడ్డాయి. వరి అప్పు తండ్రి పేర, చెరువు లీజు కొడుకు పేర, గాజుల తాకట్టు కోడలి పేర. పొయ్యి మాత్రం ఒక్కటే. గోదారి పొంగితే మూడు కిస్తీలూ ఒకేసారి ఆగుతాయి. డెల్టాలో అన్నిటికన్నా పెద్ద ముప్పు ఇదేనని నా లెక్క.

తర్వాత అదే పటం మీద రెండు గీతలు గియ్యండి. ధవళేశ్వరం దగ్గర గోదారి నీరు 13.75 అడుగులకు చేరితే, అంటే రెండో వరద హెచ్చరిక నాటికి ఏ చుక్కలు మునుగుతాయి? 17.75 అడుగుల మూడో హెచ్చరికకు ఏవి? ఊళ్లో పెద్దవాళ్లను పిలిచి కూర్చోబెడితే టీ తాగేలోపు గీసిపెడతారు. తుపాను నెలలకూ ఒక గుర్తు పెట్టండి. 2025లో మొంథా తుపాను తీరం దాటింది అక్టోబరు 28 రాత్రి, నరసాపురం దగ్గర. సార్వా (ఖరీఫ్) వరి చేను ఇంకా పొలంలోనే ఉంది.

భీమవరం, ఆకివీడు వైపువాళ్లు రొయ్య మీద ఇంకో ప్రశ్న వేసుకోవాలి. తెల్లమచ్చ జబ్బు వస్తే ఏం చెయ్యాలో రైతుకు తెలుసు. వాషింగ్టన్‌లో సంతకం పడితే? 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 25 శాతం అయింది, అదే నెల 27కల్లా 50కి ఎక్కింది. చెరువులో పిల్ల వేసి పట్టుబడి పట్టేలోపే లెక్క తారుమారు. అందుకే చెరువు అప్పు ఇచ్చేముందు ఫీడ్ డీలరుకు ఎంత బాకీ ఉందో అడిగి రాసుకోండి. పట్టుబడి రోజున గట్టు మీద ముందు నిలబడేది అతనే.

2. బంగారం లెక్క మళ్లీ కట్టండి

ధర పెరుగుతున్నంత కాలం బంగారం లోను మేనేజరుకు నిద్రపట్టించే అప్పు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చే రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం సొంత ఖర్చులకు తీసుకునే అప్పైతే నగ విలువలో 2.5 లక్షల లోపు అప్పుకు 85 శాతం, 5 లక్షల వరకు 80, ఆపైన 75 శాతం దాకా ఇవ్వవచ్చు. ఏడాది చివర అసలూ వడ్డీ ఒకేసారి కట్టే అప్పైతే వడ్డీ కూడా ఆ హద్దులోనే ఇమడాలి. లక్ష విలువ చేసే నగ మీద 9 శాతం వడ్డీకి చేతికిచ్చేది 78 వేలకు మించదన్నమాట. ఈ నిబంధనలు బ్యాంకులకూ ఫైనాన్సు కంపెనీలకూ వర్తిస్తాయి. ప్రాథమిక సహకార సంఘాలు వీటిని కొలబద్దగా పెట్టుకుంటే నష్టం లేదు. ఇప్పుడు ధర 20 శాతం పడిందనుకుని మీ పసుపు చుక్కల్లో ఎన్ని ఈ హద్దు దాటి ఎర్రబడతాయో చూడండి.

నగకు విలువ కట్టే అప్రైజరు సంగతి చెప్పాలంటే కాస్త మొహమాటం. ఏళ్లుగా ఒకే మనిషి, అందరికీ బాబాయే. అయినా మూడు నెలలకోసారి పది కవర్లు ఏవైనా తీసి బయటి మనిషితో గీటురాయి మీద గీయించండి. ఒకచోట లక్క నింపిన గాజులు మొత్తం బరువుకే తూగి లాకర్లో కూర్చున్నాయి. రాళ్లూ లక్కా తీసేసి కట్టాల్సిన లెక్క అది.

3. కంప్యూటర్ లేకుండా ఒక రోజు నడపండి

2024 జులై చివర్లో ఒక సాంకేతిక సేవల సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి (కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు గుంజే దాడి) జరిగితే, దాని మీద ఆధారపడ్డ దాదాపు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు ఆగిపోయాయి. తప్పు ఆ బ్యాంకులది కాదు, ఆగింది మాత్రం వాళ్ల ఖాతాదారుల డబ్బే. మీ సాఫ్ట్‌వేర్ ఎవరిది, ఆగితే ఎవరికి ఫోన్ చెయ్యాలి, బ్యాకప్ ఎక్కడుంది? మూడు జవాబులూ చీటీలో ఉండాలి. బ్యాకప్ డిస్కు ముంపు ప్రాంతంలో కింది బీరువాలో ఉంటే లేనట్టే.

4. అద్దె ఖాతాలు, దొంగ గొంతులు

మూడేళ్లుగా నాలుగు వందల నిల్వతో పడి ఉన్న కుర్రాడి ఖాతాలోకి ఒక మధ్యాహ్నం లక్షలు వచ్చి, గంటలో యూపీఐ మీద వెళ్లిపోతే అది దొంగ సొమ్ము దాటించడానికి మోసగాళ్లకు అద్దెకిచ్చిన ఖాతా కావచ్చు. అలాంటివి రోజూ సాయంత్రం జాబితా తీయించండి.

రిటైరైన మాస్టారు చెవి దగ్గర ఫోన్ దించకుండా ఎఫ్‌డీ రద్దు చెయ్యమంటే, క్లర్కు ఫారం ఇవ్వకుండా ముందు మంచినీళ్లివ్వాలి. "మాస్టారూ, ఆ ఫోన్ ఒక్క నిమిషం ఇలా ఇవ్వండి" అనాలి. పోలీసులమంటూ ఫోన్లోనే బెదిరించి కట్టిపడేసే 'డిజిటల్ అరెస్ట్' అనేది చట్టంలో లేదని చెప్పి, డబ్బు ఇప్పటికే పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయించాలి. ప్రెసిడెంటుగారి గొంతుతో "అర్జంటుగా పంపు" అని ఫోన్ వచ్చినా మీ దగ్గరున్న నంబరుకు తిరిగి చేసి అడగందే పంపకండి. గొంతును అచ్చు దించడం ఇప్పుడు పెద్ద పని కాదు.

5. డిపాజిట్ల వరుస

వాట్సాప్‌లో ఒక పుకారు చాలు, పొద్దున్నే మెట్ల మీద జనం. బ్యాంకులో డిపాజిట్‌కు మనిషికి 5 లక్షల వరకు బీమా ఉంది. ప్రాథమిక సహకార సంఘాల డిపాజిట్లకు ఆ బీమా లేదు. ఆ మాట సభ్యుల దగ్గర దాచకండి. ఒక్క రోజులో జిల్లా సహకార బ్యాంకు నుంచి ఎంత నగదు తెచ్చుకోగలరో ముందే కనుక్కుని అంకె వేసుకోండి.

ఇక చీటీ. ముప్పు, దాన్ని చూసే మనిషి పేరు, తిరిగి చూసే తేదీ: మూడే గడులు. తేదీలు రెండు చాలు. వరద రాకముందు జూన్‌లో ఒకటి, తుపాన్ల ముందు సెప్టెంబరులో ఒకటి. తీర్మానం పుస్తకంలో ఎక్కించి, చీటీకి ప్లాస్టిక్ పూత వేయించి లాకర్ గది తలుపుకు అంటించండి. మన చెమ్మకు ఉత్త కాయితం ఒక్క వానాకాలం కూడా ఆగదు.