పాత గ్రామఫోన్ రికార్డులు కొనే ముందు జాగ్రత్తలు

- మీ ప్లేయర్ ఏ వేగాల్లో తిరుగుతుందో ముందు చూసుకోండి. 12 అంగుళాల ఎల్పీలకు, అంటే ఎక్కువసేపు మోగే పెద్ద రికార్డులకు, నిమిషానికి 33⅓ చుట్లు, 7 అంగుళాల చిన్నవాటికి ఎక్కువగా 45. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు చాలావరకు వినైల్ అనే ప్లాస్టిక్‌వి కావు, లక్కతో చేసినవి. చేయి జారితే ముక్కలే. వాటికి ముల్లు కూడా వేరే కావాలి. స్పిరిట్‌తో మాత్రం అస్సలు తుడవొద్దు, లక్క కరిగిపోతుంది.

- కవర్ చూసి డబ్బులివ్వకండి. రికార్డు బయటికి తీసి, అంచులూ మధ్య లేబులూ మాత్రమే పట్టుకుని, వెలుగులో ఏటవాలుగా తిప్పి చూడండి. సన్న గీతలకు భయపడక్కర్లేదు. గోటికి తగిలేంత గీత ఉంటే పాటలో టక్ టక్‌మని వినిపిస్తుంది, ఒక్కోసారి ముల్లు ముందుకు కదలక అదే ముక్క మళ్లీ మళ్లీ మోగుతుంది. నేనొకసారి ఇష్టపడి తెచ్చుకున్న కవర్‌లో వేరే సినిమా రికార్డు ఉంది. ఎంత బాధపడ్డానో! అప్పటినుంచి లేబుల్ మీది పేరు, నంబరు సరిచూడకుండా కొనను.

- రికార్డును కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుంటే వంపు తెలిసిపోతుంది.

- ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి. ఇంట్లో నిలువుగా పెట్టండి.

- కొత్తవాళ్లు అరుదైనవాటి వెంట పడొద్దు. నిజంగా వినే పాటలవి నాలుగైదు చాలు. మిగిలిన డబ్బు మంచి ముల్లుకు పెట్టండి, అరిగిన ముల్లు రికార్డునే కోసేస్తుంది.