ఒక్క ఫోనుతో 41 మందికి పాఠం ఎలా చెప్తానంటే

మా స్కూలు శ్రీకాకుళం జిల్లా టెక్కలి నుంచి సముద్రం వైపు లోపలికి ఉంటుంది. మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడితే రెండు గీతల సిగ్నల్, కిందకి దిగితే అదీ లేదు. క్లాసులో పెద్ద టీవీ లాంటి ప్యానెల్ ఉంది గానీ కరెంటు ఉన్నప్పుడే కదా అది ప్యానెల్, లేనప్పుడు పెద్ద నల్లపలకే. నేను పీ.ఎస్. (భౌతిక, రసాయన శాస్త్రాలు) చెప్తాను, 9వ క్లాసులో 41 మంది, చేతిలో నా ఫోను ఒక్కటే. మొన్న చుట్టుపక్కల స్కూళ్ళ టీచర్లం కలిసే కాంప్లెక్స్ మీటింగులో ఇద్దరు ముగ్గురు "మేస్టారూ, ఫోనుతో ఏటేటో చేస్తన్నారంట, మాకూ చెప్పండి" అన్నారు, అక్కడ ఫార్మాట్లు నింపడానికే టైము సరిపోలేదు, అందుకని ఇక్కడ రాస్తున్నాను, కొంచెం పెద్దదే అయింది, టీ పెట్టుకుని చదవండి.

మొదట్లో నేనూ అందరిలాగే వీడియోలు వేసేవాణ్ణి. ధ్వని పాఠానికి 12 నిమిషాల వీడియో వేస్తే పిల్లలు కదలకుండా చూశారు, నేనేమో తెగ మురిసిపోయాను, మర్నాడు ఏం చూశారురా అంటే "ఏనుగొచ్చింది మేస్టారూ" అన్నారు. ఏనుగు ఎందుకొచ్చిందో ఒక్కడికీ తెలీదు, మన చెవికి అందని పరశ్రావ్యాల గురించి చెప్పడానికి వచ్చింది పాపం అది. అప్పుడు తెలిసొచ్చింది నాకు, ఫోనంటే తెర ఒక్కటేనా, మైకుంది, కెమెరా ఉంది, వెలుతురు కొలిచేది ఉంది, అయస్కాంతాన్ని పసిగట్టేది ఉంది, మన ల్యాబు బీరువాలో ఉన్న సామాను కంటే ఇదే ఎక్కువ. బీకరు, స్టాప్‌వాచీ ఎలా వాడతామో అలా వాడితే ఇది పనికొస్తుంది.

ఆ ధ్వని పాఠమే తీసుకోండి. ఫైఫాక్స్ అని ఒక యాప్ ఉంది, జర్మనీలో ఆకెన్ యూనివర్సిటీ వాళ్ళు చేసింది, ఉచితం, ఒకసారి దించుకుంటే ఇక నెట్ అక్కర్లేదు. అందులో అకౌస్టిక్ స్టాప్‌వాచ్ ఉంటుంది, ఒక చప్పుడుకి మొదలై ఇంకో చప్పుడుకి ఆగుతుంది, అంతే దాని పని. దీనికి రెండు ఫోన్లు కావాలి, మా తెలుగు మేడం గారిది అడిగి తీసుకున్నాను, రెండూ ఒకే కంపెనీవి కానక్కర్లేదు. వరండాలో ఆటల మేస్టారి టేపుతో సరిగ్గా 10 మీటర్లు కొలిచి ఆ చివరొక స్టూలు ఈ చివరొక స్టూలు వేసి వాటి మీద ఫోన్లు పెట్టాం. చప్పట్లు కొడితే శబ్దం ముద్దగా వస్తుంది, రెండు కొబ్బరి చిప్పలు ఒకదానికొకటి కొట్టండి, టక్కుమని వస్తుంది, మన దగ్గర చిప్పలకి కరువా.

ఇప్పుడు నా ఫోను దగ్గరున్న గుంటడు ముందు కొడతాడు. నా ఫోను వెంటనే మొదలవుతుంది, మేడం గారి ఫోను శబ్దం అక్కడిదాకా వెళ్ళాక మొదలవుతుంది. తర్వాత అటు చివర అమ్మాయి కొడుతుంది, మేడం గారిది వెంటనే ఆగుతుంది, నాది ఆ శబ్దం వెనక్కొచ్చాక ఆగుతుంది. అంటే నా ఫోను ముందు మొదలై ఆలస్యంగా ఆగింది, ఆవిడది ఆలస్యంగా మొదలై ముందే ఆగింది, రెండిటి తేడాలో శబ్దం పోయిన 10 మీటర్లూ వచ్చిన 10 మీటర్లూ ఉన్నాయి. నా దాంట్లో 2.417, మేడం గారి దాంట్లో 2.359. తేడా 0.058 సెకన్లు. 20ని దాంతో భాగించమంటే వెనక బెంచీ వాడు అందరికంటే ముందు లేచి "మూడొందల నలభై నాలుగున్నర పైన వస్తంది మేస్టారూ" అన్నాడు, వాడు అంతవరకు నా క్లాసులో నోరు తెరిచింది లేదు. పుస్తకంలో చూస్తే 22 డిగ్రీల దగ్గర 344 అని ఉంది.

ఆ రోజు ఎండకి అసలు 350 దాకా రావాలి, అదీ చెప్పాను, ఎందుకు రాలేదంటే 0.058 బదులు 0.057 పడితే చాలు జవాబు ఒక్కసారిగా 6 మీటర్లు పెరిగిపోతుంది. అందుకే ఐదుసార్లు చేసి సగటు తీయించండి. పుస్తకంలో అంకె వచ్చేదాకా చేసి అక్కడ ఆపేయకండి, నేనూ మొదట అదే చేశాను, ఒక పిల్ల పట్టేసింది.

సెట్టింగుల్లో రెండు చూసుకోవాలి. థ్రెషోల్డ్ అని ఉంటుంది, అంటే ఎంత గట్టి చప్పుడుకి లేవాలి అని, మరీ తక్కువ పెడితే పక్క క్లాసులో ఎక్కాలు చదివినా మొదలైపోతుంది, మాకు మొదటి మూడుసార్లు అదే అయింది. రెండోది మినిమమ్ డిలే, అది అర సెకను పెట్టండి, లేకపోతే గోడకి తగిలి వచ్చిన ప్రతిధ్వనికే ఆగిపోయి కూర్చుంటుంది.

ఇంకోటి, జాతరలో చవగ్గా దొరికే లేజర్ లైటు ఉంటుంది కదా, దాని మూతి విప్పితే చిన్న గాజుబొట్టంత లెన్సు వస్తుంది. బ్యాటరీలు ముందే తీసేయండి, ఆ లైటు కళ్ళల్లో పడకూడదు, పిల్లల చేతికి అసలే వద్దు. ఆ లెన్సుని జడపిన్నులో ఇరికించి పిన్నుని ఫోను కెమెరా మీద టేపుతో అంటిస్తే మైక్రోస్కోపు రెడీ. చూడాల్సిన వస్తువు దాదాపు ఆనుకున్నంత దగ్గరగా ఉండాలి, ఫోకస్ కోసం తెర నొక్కుతూ కూర్చోవద్దు, ఫోనునే వెంట్రుకవాసి పైకీ కిందకీ జరపండి, పక్క నుంచి టార్చి వేయండి. ఉప్పు కల్లు, మందార పుప్పొడి, చీమ కాలు అన్నీ బాగుంటాయి గానీ నాకు నచ్చింది పొందూరు ఖద్దరు. మా హెచ్ఎం గారి కండువా అడిగి దాని పక్కన యూనిఫాం గుడ్డ పెట్టి చూపించాను. యూనిఫాం దారాలు గీత గీసినట్టున్నాయి, ఖద్దరు దారం ఒకచోట లావు ఒకచోట సన్నం, "నులకమంచం లాగుంది" అన్నారు. చేత్తో వడికిన నూలు కాబట్టే అలా ఉందని, పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారని చెప్తే ఒకడు నమ్మలేదు, వాళ్ళ అమ్మమ్మ ఊరు పొందూరు పక్కనే అట, ఆదివారం వెళ్ళి చూసొచ్చి సోమవారం వాడే క్లాసుకి చెప్పాడు.

ఈ ఫోటో ప్యానెల్ మీద పడితే అందరికీ కనబడుతుంది, అక్కడే మన ప్రాణాలు పోతాయి. ఫోను స్క్రీను ప్యానెల్‌కి క్యాస్ట్ చేయాలంటే, అంటే కేబులు లేకుండా చూపించాలంటే, సాధారణంగా రెండూ ఒకే వైఫైలో ఉండాలి, స్కూల్లో వైఫై లేకపోతే ఇంకో ఫోనులో హాట్‌స్పాట్ ఆన్ చేసి రెండిటినీ దానికి కలపండి, చాలా సెట్లకి అది చాలు, నెట్ రాకపోయినా. కేబులు కొనేవాళ్ళకి ఒక మాట, టైప్ సీ నుంచి హెచ్‌డీఎంఐ కేబులు ప్రతి ఫోనుకీ పనిచేయదు, మన బడ్జెట్ ఫోన్లలో చాలావాటికి ఆ పిన్ను నుంచి వీడియో బయటకి రాదు, ముందు ఫోను వివరాల్లో చూసుకోండి, నేను చూడకుండా 900 తగలేసుకున్నాను, అది ఇప్పుడు మా ఇంట్లో బట్టలారేసే తాడు. అన్నిటికంటే నమ్మకమైంది పెన్‌డ్రైవు. వీడియో ఎంపీ4లో ఉంటే ఆడుతుంది. ఫ్యాట్32లో ఫార్మాట్ అయిన డ్రైవులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. వాట్సాప్‌లో ఎవరైనా వీడియో పంపుతానంటే డాక్యుమెంటుగా పంపమనండి, మామూలుగా పంపితే నలిగిపోయి ప్యానెల్ మీద ముఖాలు ఇటుకల్లా కనిపిస్తాయి.

కరెంటు పాఠాలకి ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద చేసే ప్రయోగాలు, బాగుంటాయి, అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్ళవి, కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. నెట్ ఉన్నచోట ఒక్కోటి ఫైలుగా దించుకుంటే తర్వాత బ్రౌజరులో ఊరికే తెరుచుకుంటుంది. సర్క్యూట్ల దాంట్లో వైరుతో బ్యాటరీని షార్ట్ చేస్తే తెర మీద మంట లేస్తుంది, పిల్లలు దానికోసమే పదిసార్లు చేస్తారు, చేయనివ్వండి, ఇంట్లో ప్లగ్గు దగ్గర చేయకుండా ఉంటే చాలు. కానీ దాని తర్వాత నిజం సెల్లు, నిజం బల్బు చేతికివ్వాలి, తెర మీద ఎప్పుడూ వదులు కనెక్షను ఉండదు కదా. ప్రభుత్వం వాళ్ళ దీక్షా యాప్ గురించి మీకు తెలిసిందే, 2017 నుంచి ఉంది, పుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే పాఠం వస్తుంది, దాన్ని ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకుని రండి, క్లాసులో తిరిగే చక్రం చూపించకండి. చిన్న క్లాసుల వాళ్ళకి స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు కథలు ఉచితంగా దించుకోవచ్చు.

పాఠం ఎక్కిందో లేదో చూడ్డానికి ప్లికర్స్ అనే యాప్ వాడతాను. పిల్లలకి ఫోన్లు అక్కర్లేదు, ఒక్కొక్కరికి ఒక కాగితం కార్డు, దాని మీద నల్లగా గళ్ళ బొమ్మ, నాలుగు వైపులా ఏ బీ సీ డీ. జవాబు ఏదనుకుంటే ఆ అక్షరం పైకి వచ్చేలా పట్టుకుంటారు, నేను ఫోను కెమెరా క్లాసంతా తిప్పితే ఎవరు ఏం చెప్పారో వచ్చేస్తుంది. ప్రతి కార్డు బొమ్మా వేరు కాబట్టి పక్కవాణ్ణి చూసి తిప్పే పని లేదు. కార్డులకి మెరిసే లామినేషన్ చేయించొద్దు, వెలుతురు కొట్టి స్కాన్ అవ్వదు, కాస్త మందం కాగితం మీద ప్రింటు తీసి అట్టకి అంటించండి. వేళ్ళు నలుపు మీద పడకుండా అంచు పట్టుకోమనండి. దీనికి మాత్రం నెట్ కావాలి, నేను ప్రశ్నలు పెట్టిన రోజు ఇంకో ఫోను అడిగి కిటికీలో పెట్టి దాని హాట్‌స్పాట్ కోసం దణ్ణం పెట్టుకుంటాను.

తల్లిదండ్రుల గ్రూపులో టైపు చేసి మెసేజీలు పెట్టడం మానేశాను. మా దగ్గర చాలామంది నాన్నలు ఊళ్ళో ఉండరు, కొందరు గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద, కొందరు చెన్నైలో పనులకి, ఇంట్లో ఉన్న అమ్మలు, నాయనమ్మల్లో చదవడం రానివాళ్ళు ఉన్నారు. అర నిమిషం వాయిస్ పెడతాను, అదీ మన మాటలోనే, "మీ గుంట లెక్కలు బాగానే చేస్తంది, ఇంగ్లీషు చదవడానికి బెదురుతంది, రోజూ పది నిమిషాలు గట్టిగా చదివించండి" అని. వారానికి ఒక పిల్లాడి చేత ఒక పేరా చదివించి రికార్డు చేసి వాళ్ళ నాన్నకే విడిగా పంపుతాను. ఒకాయన ఆరు రోజులకి, బోటు ఒడ్డుకొచ్చాక విన్నాడు, తిరిగి వాయిస్ పెట్టాడు, "మేస్టారూ, ఇంకో పేరా చదివించి పంపండి" అని, వెనక ఇంజను మోత.

మా తెలుగు మేడం ఇదే రికార్డరుతో పిల్లల చేత ముసలోళ్ళ మాటలు పట్టిస్తున్నారు, వలల పేర్లు, చేపల పేర్లు, నాట్లప్పటి మాటలు. సవర భాష నేర్చుకుని వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి గారు పుట్టింది మన జిల్లాలోనే, 1863లో పర్వతాలపేటలో, ఆయన చెవులతో విని రాసుకున్న పనికి ఇప్పుడు మన జేబులో మైకుంది.

చివరగా చిల్లర జాగ్రత్తలు. ప్యానెల్‌కి కలిపే ముందు డు నాట్ డిస్టర్బ్ నొక్కండి, నేను నొక్కని రోజు చీటీ బాకీ మెసేజి 75 అంగుళాల్లో వచ్చింది, గుంటలు అది పైకి చదివేశారు కూడా. పిల్లల చేతికి ఫోను ఇస్తే సెక్యూరిటీ సెట్టింగుల్లో యాప్ పిన్నింగ్, దాంతోపాటు బయటకి వెళ్ళేముందు పిన్ను అడిగేదీ ఆన్ చేసి, ఆ యాప్‌ని పిన్ చేసి ఇవ్వండి, అప్పుడు ఆ ఒక్క యాప్ దాటి వెళ్ళాలంటే మీ పిన్ను కావాలి. పిల్లల ముఖాలు స్టేటస్‌లో పెట్టకండి, చేతులు, నోటుబుక్కు, కొబ్బరి చిప్పలు పెట్టుకోండి చాలు. నెలకోసారి గ్యాలరీలో వాళ్ళ ఫోటోలు, వాయిస్‌లు తీసేస్తాను, మర్చిపోకుండా జీతం పడ్డ రోజు పెట్టుకున్నాను ఆ పని, జీతం లేటైతే అదీ లేటే.